తలుపు తెరిచారు, ఇల్లెవరిది? వెస్ట్ వర్జీనియాలో నల్లజాతి కాలేజీలు, ఆటల కూటమి (1924–2013)

బడి దగ్గర, బావి దగ్గర, గుడి దగ్గర, ఆఫీసులో కులం ఎట్లా పనిచేస్తుందో మన పత్రికల్లో చాలా రాసుకున్నాం. ఆటస్థలం గురించి రాసుకున్నది మాత్రం తక్కువే. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టి, 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన బౌలర్. పూనాలో ఆయన వేసే బంతి తోటి ఆటగాళ్ళకు కావాలి. టీ మాత్రం బయట, విడిగా, మట్టి పాత్రలో ఇచ్చేవాళ్ళు. బొంబాయి పోటీల్లో హిందూ జట్టు తరఫున ఆడించుకున్నారు గానీ కెప్టెన్సీ ఇవ్వలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ పదవి దక్కటానికి పెద్ద గొడవే జరగాల్సి వచ్చింది. ఆడించుకోవటం వేరు, పెత్తనంలో వాటా ఇవ్వటం వేరు. ఈ తేడా తెలియకపోతే కలుపుకోవటం అనే మాటకు అర్థం తేలదు.

ఈ తేడాను అమెరికాలో ఒక చిన్న రాష్ట్రపు కాలేజీ ఆటల చరిత్రలో చూపించటం ఈ వ్యాసంలో మేం పెట్టుకున్న పని. ఆ కూటమి పేరు వెస్ట్ వర్జీనియా ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. 1924లో పుట్టింది, 2013లో మూతపడింది. దేశం మొత్తం టీవీలో చూసే పెద్ద ఆటలు కావివి. బొగ్గుగనుల ఊళ్ళలో, కొండల మధ్య ఉన్న చిన్న కాలేజీల ఆటలు. చిన్నవి కాబట్టే వ్యవస్థ ఎట్లా నడుస్తుందో ఇక్కడ దగ్గరగా కనపడుతుంది.

1. కూటమి అంటే ఏమిటి

ముందు రెండు మాటలు విప్పి చెప్పుకోవాలి. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఆట కాదు. రెండు కొసలా మొనదేలిన తోలుబంతిని చేతబట్టి, జట్టుకు పదకొండు మంది చొప్పున ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ అవతలి హద్దు దాకా మోసుకుపోయే ఆట. శిరస్త్రాణాలు, భుజాల కవచాలు, పెద్ద జట్టు, శిక్షకులు అన్నీ కావాలి. అందుకని ఖర్చు ఎక్కువ. అక్కడి కాలేజీ పేరు ఊళ్ళో మోగాలంటే చాలాచోట్ల ఈ ఆటే దారి.

ఇక కాన్ఫరెన్స్ అంటే ఇక్కడ సదస్సు కాదు. కొన్ని కాలేజీలు కలిసి ఏర్పాటు చేసుకున్న ఆటల కూటమి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలి, అంపైర్లు ఎవరు, ఎవరికి ఆడే అర్హత ఉంది, విజేత ఎవరు అన్నవి కూటమి తేలుస్తుంది. కూటమిలో ఉన్న కాలేజీకి ఏడాది పొడుగునా పోటీలు ఖాయం. దగ్గర ఊళ్ళకే ప్రయాణం కాబట్టి ఖర్చు తగ్గుతుంది. పక్క ఊరి జట్టు వస్తే చూసేవాళ్ళూ వస్తారు, టిక్కెట్ల డబ్బూ వస్తుంది. బయట ఉన్న కాలేజీ ప్రతి మ్యాచ్ కోసం ఉత్తరాలు రాసుకోవాలి, దూరాలు తిరగాలి. కూటమిలో చోటు లేకపోవటం అంటే ఊరి కట్టుబాటులో చోటు లేకపోవటం లాంటిదే.

2. రాజ్యాంగంలోనే రాసుకున్న వెలి

వెస్ట్ వర్జీనియా 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగానే, బానిస రాష్ట్రమైన వర్జీనియా నుంచి విడిపోయి ఏర్పడింది. విడిపోయింది గదా అని వివక్ష పోలేదు. 1872 నాటి దాని రాజ్యాంగంలోనే తెల్ల పిల్లలకూ నల్ల పిల్లలకూ ఒకే బడిలో చదువు చెప్పకూడదన్న నిబంధన ఉంది. అయితే దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో లాగా ఇక్కడ నల్లవాళ్ళ ఓటు లాక్కోలేదు. ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. దక్షిణాది నుంచి నల్ల కూలీలు వేల సంఖ్యలో ఇక్కడి బొగ్గుగనులకు వచ్చారు. ఓటు ఉంది కాబట్టి చట్టసభలో వాళ్ళ గొంతు వినపడింది. 1928లో మెక్‌డవెల్ కౌంటీ నుంచి మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్ ఈ రాష్ట్ర చట్టసభలో కూర్చుంది. అమెరికా మొత్తంలో చట్టసభ సభ్యురాలైన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. ఓటు ఉన్నచోట బడికి గ్రాంటు అడిగే బలం ఉంటుంది.

ఆ రాష్ట్రంలో నల్లవాళ్ళకు మూడు కాలేజీలు ఏర్పడ్డాయి. హార్పర్స్ ఫెర్రీలో 1867లో మొదలైన స్టోరర్ కాలేజీ ఒకటి. 1890 నాటి రెండో మోరిల్ చట్టం కింద, రాజధాని చార్ల్స్‌టన్ దగ్గర 1891లో పెట్టిన సంస్థ రెండోది. అదే తర్వాత వెస్ట్ వర్జీనియా స్టేట్ అయింది. గనుల ప్రాంతంలో, రైలుపట్టాల పక్క కొండవాలు మీద 1895లో మొదలైన బ్లూఫీల్డ్ మూడోది.

మోరిల్ చట్టం తీరు మనకు బాగా అర్థమవుతుంది. కాలేజీల్లో జాతిభేదం పాటించని రాష్ట్రానికి కేంద్ర నిధులిస్తాం, పాటించేట్టయితే నల్లవాళ్ళకు విడిగా కాలేజీ పెట్టండి అన్నది దాని సారాంశం. ఊళ్ళోకి రానివ్వం, కావాలంటే వాడలో బావి తవ్విస్తాం అన్నట్టు.

1924లో రాష్ట్రంలోని కాలేజీలు ఆటల కూటమి పెట్టుకున్నాయి. రాష్ట్రం పేరే కూటమికీ పెట్టారు. కానీ ఆ రాష్ట్రపు డబ్బుతోనే నడిచే రెండు నల్లజాతి కాలేజీలకు అందులో చోటు లేదు. ముప్పై ఏళ్ళ పాటు వెస్ట్ వర్జీనియా విజేత అని ప్రకటించిన ప్రతి జట్టూ నిజానికి తెల్ల వెస్ట్ వర్జీనియా విజేత మాత్రమే.

3. విడిగా కట్టుకున్నది

వెలివేసిన వాళ్ళు చేతులు ముడుచుకుని కూచోలేదు. నల్లజాతి కాలేజీల మధ్య మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ 1892 డిసెంబరు 27న నార్త్ కరోలినాలోని సాల్స్‌బరీలో బిడిల్, లివింగ్‌స్టన్ కాలేజీల మధ్య జరిగింది. 1912లో హాంప్టన్‌లో నల్లజాతి కాలేజీలు సొంత కూటమి పెట్టుకున్నాయి. దాన్ని సి.ఐ.ఎ.ఎ. అంటారు. మొదట్లో ఆ పేరులోని 'సి'కి అర్థం కలర్డ్. 1950లో దాన్ని సెంట్రల్‌గా మార్చుకున్నారు. మరుసటి ఏడు, 1913లో, దక్షిణాదిలో ఇంకో కూటమి, 1920లో టెక్సాస్‌లో మరొకటి వచ్చాయి.

బ్లూఫీల్డ్, వెస్ట్ వర్జీనియా స్టేట్ ఈ నల్ల కూటమిలో చేరాయి. పక్క ఊరి తెల్ల కాలేజీతో ఆడే వీల్లేక వర్జీనియా, నార్త్ కరోలినాల దాకా పోయి ఆడేవాళ్ళు. ఆ రోజుల్లో దక్షిణాదిలో నల్లవాళ్ళకు హోటల్లో గది ఇవ్వరు, దారిలో తిండి పెట్టరు. నల్లజాతి జట్లు అన్నం మూటలు కట్టుకుని పోయేవి, తమ జనం ఇళ్ళల్లోనే పడుకునేవి.

ఆ ఇబ్బందుల్లోనే గొప్ప జట్లు తయారయ్యాయి. 1927, 1928లలో నల్లజాతి కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ విజేతల లెక్కలో బ్లూఫీల్డ్ పేరుంది. ఈ లెక్క కట్టింది పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి నల్లజాతి పత్రికలు. తెల్ల పత్రికలు పట్టించుకోని విజయాలను నల్ల పత్రికలు రాసిపెట్టాయి. సొంత పత్రిక లేకపోతే సొంత చరిత్ర కూడా ఉండదని మనవాళ్ళు ఎందుకు చెప్తారో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

బాస్కెట్‌బాల్‌లో 1947–48లో వెస్ట్ వర్జీనియా స్టేట్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ జట్టులో ఆడిన ఎర్ల్ లాయిడ్ 1950 అక్టోబరు 31న ఎన్.బి.ఎ. పోటీలో దిగాడు. ఆ లీగులో మ్యాచ్ ఆడిన మొదటి నల్ల ఆటగాడు అతనే. దేశంలోనే పెద్ద లీగుకు సరిపోయినవాడు సొంత రాష్ట్రపు చిన్న కూటమికి పనికిరాలేదు! ప్రతిభ, ప్రతిభ అని ఊదరగొట్టేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ విడి వ్యవస్థలో ఇంకోటి ఉంది. శిక్షకుడు నల్లవాడు. ప్రిన్సిపాలు నల్లవాడు. పాఠం చెప్పేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు అందరూ నల్లవాళ్ళే. నల్లజాతి చరిత్ర అధ్యయనానికి పునాది వేసిన కార్టర్ జి. వుడ్సన్ 1920–22లో వెస్ట్ వర్జీనియా స్టేట్‌లో డీన్‌గా ఉన్నాడు. అంతరిక్ష యాత్రలకు లెక్కలు కట్టిన కేథరిన్ జాన్సన్ 1937లో అక్కడే డిగ్రీ తీసుకుంది. డబ్బు తక్కువ, భవనాలు తక్కువ. ఈ పేదరికాన్ని మేం పొగడటం లేదు. విడిగా పెట్టినవాళ్ళు సమానంగా ఎప్పుడూ ఇవ్వలేదు. కానీ నిర్ణయించే కుర్చీలో మనవాడు కూర్చున్నప్పుడు విద్యార్థి వెన్నెముక ఎట్లా నిలబడుతుందో ఆ కాలేజీలు చూపించాయి.

4. 1954 తర్వాత మూడు దారులు

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. అది పోరాటం వల్ల వచ్చిన విజయం, సందేహం లేదు. వెస్ట్ వర్జీనియా ప్రభుత్వం చాలా దక్షిణాది రాష్ట్రాల్లాగా మొండికేయకుండా తీర్పును అమలు చేస్తామంది. ఇక్కడి నుంచి మూడు నల్ల కాలేజీలు మూడు దారులు పట్టాయి.

స్టోరర్ కాలేజీ 1955లో మూతపడింది. ఇక విడి కాలేజీ అక్కర్లేదు గదా అని రాష్ట్రం సాయం ఆపేసింది. సమానత్వం పేరు చెప్పి మొదట మూసింది నల్లవాళ్ళ సంస్థనే. అదే ఆవరణలో 1906లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ నాయకత్వంలో నయాగరా ఉద్యమ సభ జరిగింది. ఆ డుబోయిస్‌కే 1946 జులైలో డాక్టర్ అంబేడ్కర్ ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు పంపమని అడిగారు. అంటరానివాళ్ళ పట్ల తనకు పూర్తి సానుభూతి ఉందని డుబోయిస్ జవాబిచ్చాడు. ఈ చరిత్ర మనకు పరాయిది కాదని చెప్పటానికే ఈ మాట.

మిగతా రెండు కాలేజీలు 1955లో నల్ల కూటమి వదిలి రాష్ట్ర కూటమిలో చేరాయి. కాగితం మీద అంతా సమానమే. ప్రతి కాలేజీకీ ఓటుంది, మైదానం ఒకటే, అంపైరు ఒకడే. ప్రయాణాల దూరం కూడా తగ్గింది.

కానీ కలయిక ఒక్క వైపు నుంచే జరగదు గదా. నల్ల కాలేజీల ఫీజులు తక్కువ, ఊళ్ళకు దగ్గర. చుట్టుపక్కల తెల్ల విద్యార్థులు ఇంటి నుంచి వచ్చిపోతూ చదువుకోవటానికి వాటిలో చేరారు. అదే కాలంలో గనుల్లోకి యంత్రాలొచ్చాయి. ముందు పని పోయింది నల్ల కార్మికులకే. కుటుంబాలు డెట్రాయిట్ వైపు, ఉత్తరాది నగరాల వైపు వలసపోయాయి. కాలేజీని నిలబెట్టిన జనమే ఊరు ఖాళీ చేశారు. కొద్ది ఏళ్ళలోనే రెండు కాలేజీల్లోనూ తెల్ల విద్యార్థులు ఎక్కువయ్యారు.

ఇక్కడ రెండు కాలేజీల మధ్య తేడా చూడాలి. వెస్ట్ వర్జీనియా స్టేట్‌కు 1957లో కేంద్ర నిధులిచ్చే మోరిల్ హోదా పోయింది. పోగొట్టింది రాష్ట్ర ప్రభుత్వమే. అయితే అధ్యక్ష పదవిలో నల్లజాతి వాళ్ళే కొనసాగారు. 1953 నుంచి 1973 దాకా విలియం వాలెస్, 1987 నుంచి 2012 దాకా హాజో కార్టర్. కార్టర్ ఏళ్ళ తరబడి కొట్లాడి 2001లో ఆ హోదా తిరిగి తెచ్చాడు. తరగతి గదిలో జనం మారినా, సంస్థ ఎవరి కోసం పుట్టిందో గుర్తున్నవాళ్ళు కుర్చీలో ఉన్నారు.

5. బ్లూఫీల్డ్‌లో హాస్టల్ మూసినప్పుడు

బ్లూఫీల్డ్‌కు 1966లో మొదటిసారి తెల్ల అధ్యక్షుడు వచ్చాడు. కొత్త ఉద్యోగాలు తెల్లవాళ్ళకే పోతున్నాయని, తమ కాలేజీలో తామే పరాయివాళ్ళం అయ్యామని నల్ల విద్యార్థులు ఆందోళనకు దిగారు. 1968 నవంబరులో కాలేజీ వ్యాయామశాలలో బాంబు పేలింది. ఎవరూ చనిపోలేదు. కానీ ఆ తర్వాత యాజమాన్యం హాస్టళ్ళు మూసేసింది.

హాస్టల్ మూయటం అంటే ఏమిటో మన పాఠకులకు వివరించి చెప్పక్కర్లేదు. ఊరికి దూరంగా ఉన్న పేద పిల్లవాడికి హాస్టలే కాలేజీ. హాస్టల్ లేకపోతే కాలేజీ దగ్గర ఇల్లున్నవాడిదే చదువు. బ్లూఫీల్డ్ చుట్టుపక్కల ఇళ్ళున్నది ఎక్కువగా తెల్లవాళ్ళకు. నల్లవాళ్ళు రావద్దని ఎక్కడా నోటీసు అంటించలేదు. మంచాలు తీసేశారు, అంతే. 2013 నాటికి ఆ కాలేజీ విద్యార్థుల్లో నూటికి దాదాపు 90 మంది తెల్లవాళ్ళు. చట్టం దృష్టిలో మాత్రం అది చారిత్రక నల్లజాతి కాలేజీయే. ఆ పేరు మీద వచ్చే కేంద్ర నిధులూ ఆగలేదు. పేరు మనది, నిధి మనది, లబ్ధి ఇంకొకళ్ళది. సబ్‌ప్లాన్ నిధుల గొడవ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

ఫుట్‌బాల్‌కూ హాస్టల్‌కూ ఉన్న ముడి ఇక్కడే ఉంది. ఈ ఆటకు పెద్ద జట్టు కావాలి. దూరం ఊళ్ళ నుంచి కుర్రాళ్ళను తెచ్చుకోవాలి, తెచ్చినవాళ్ళను ఉంచటానికి గదులు కావాలి. ఒకప్పుడు జాతీయ విజేత అనిపించుకున్న కాలేజీ 1980 ప్రాంతంలో ఫుట్‌బాలే మానేసింది. డబ్బు ఇబ్బందులూ ఉండొచ్చు. కానీ హాస్టల్ పోయిన కాలేజీకి ఆ ఆట నిలవటం కష్టమైందని మా అవగాహన.

కిందిస్థాయిలోనూ ఇదే జరిగింది. నల్లజాతి హైస్కూళ్ళకు 1925 నుంచి సొంత బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ఉండేది. బడులు కలిసిపోగానే 1950ల చివరికి అది ఆగిపోయింది. చాలాచోట్ల కలిపిన బడికి తెల్ల ప్రిన్సిపాలు, తెల్ల కోచ్ ఉండిపోయారు. నల్ల ప్రిన్సిపాలు సహాయకుడో, నిరుద్యోగో అయ్యాడు. పిల్లలకు ప్రవేశం దొరికింది, పెద్దలకు పదవి పోయింది.

6. కూటమి ఎట్లా చచ్చిపోయింది

కూటమి కథ ముగింపు క్లుప్తంగా చెప్తాం. 1990లలో ఇది చిన్న కాలేజీల సంఘమైన ఎన్.ఎ.ఐ.ఎ. నుంచి ఎన్.సి.ఎ.ఎ. రెండో శ్రేణిలోకి మారింది. ఖర్చులు పెరిగాయి. కూటమిలో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలూ ఉన్నాయి, ఆడనివీ ఉన్నాయి. డబ్బు ఎక్కువ పెడుతున్నది మేమే, ఆడనివాళ్ళతో కలిసి ఎందుకు నడవాలి అన్న మాట బయలుదేరింది. 2012 జూన్‌లో ఫుట్‌బాల్ ఆడే తొమ్మిది కాలేజీలు కలిసి బయటికి పోతున్నామని ప్రకటించాయి. వాటిలో ఎక్కువ భాగం 2013 నుంచి మౌంటెన్ ఈస్ట్ అనే కొత్త కూటమిగా ఏర్పడ్డాయి. దాదాపు తొంభై ఏళ్ళ పాత కూటమి అంతటితో సరి.

పోయినవాళ్ళలో వెస్ట్ వర్జీనియా స్టేట్ ఉంది, దానికి ఫుట్‌బాల్ ఉంది కాబట్టి. మిగిలిపోయినవాళ్ళలో బ్లూఫీల్డ్ ఉంది, దానికి ఫుట్‌బాల్ లేదు కాబట్టి. ఏ కూటమీ లేని ఒంటరిగా నిలబడింది. ఇక్కడ ఎవరూ జాతి పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా రాలేదు. 1968లో మంచాలు తీశారు, ఆ తర్వాత ఆట పోయింది, 2013లో చోటు పోయింది. వివక్ష అంటే ఎప్పుడూ తిట్టో దెబ్బో అయి ఉండాలనుకుంటాం. ఒక్కోసారి అది నలభై ఏళ్ళ కిందటి ఆఫీసు ఉత్తర్వు. దాని ఫలితం తర్వాత ఎవరి తప్పూ కానట్టు కనపడుతుంది.

బ్లూఫీల్డ్ 2021లో ఫుట్‌బాల్ మళ్ళీ మొదలుపెట్టింది. విద్యార్థుల వసతి కూడా ఆ కాలంలోనే తిరిగొచ్చింది. 2023లో తన పాత ఇల్లయిన సి.ఐ.ఎ.ఎ.లో మళ్ళీ చేరింది. వెళ్ళిపోయిన 68 ఏళ్ళకు తిరిగి చేరటానికి ఆ ఇల్లు నిలబడి ఉండటం ముఖ్యం. 1950లలో అందరూ కలిసిపోయాం, ఇక విడి కూటమి ఎందుకు అని దాన్ని మూసేసి ఉంటే బ్లూఫీల్డ్ ఎక్కడికి తిరిగొచ్చేది?

7. మనం తీసుకోవాల్సింది

ఈ చరిత్ర చదివి, అయితే వేరుగా ఉండటమే మంచిదంటారా అని ఎవరన్నా అడగొచ్చు. మేం అట్లా అనటం లేదు. 1924 నాటి వెలి అన్యాయమే, 1954 తీర్పు న్యాయమే. మా ప్రశ్న వేరు. కలిసినప్పుడు ఎవరి సంస్థ మిగిలింది, ఎవరిది కరిగిపోయింది? కూటమిలో ప్రతి కాలేజీకీ ఓటుంది సరే, ఆ కాలేజీ తరఫున చెయ్యెత్తేవాడిని ఎవరు నియమించారు? అంబేడ్కర్ దేవాలయ ప్రవేశం, సహపంక్తి భోజనాల దగ్గర ఆగలేదు. అధికారంలో వాటా అడిగారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఆ కాలేజీలో అన్ని కులాలవాళ్ళూ చదివారు. సంస్థ మాత్రం ఎవరి ఆలోచనతో నడవాలో స్పష్టంగా ఉంది. అందరికీ తలుపు తీసి కూడా ఇల్లు మనదిగా ఉంచుకోవచ్చని దాని అర్థం.

మన దగ్గర హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల పిల్లలకు బడులు నడిపాడు. తర్వాతి కాలంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు, గురుకులాలు వచ్చాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఆ కొండ ఎక్కటానికి ముందు వాళ్ళకు ఒక మంచం, మూడు పూటల తిండి, నువ్వెక్కగలవు అని చెప్పే మనుషులు కావలసి వచ్చింది.

కాబట్టి ఎక్కడన్నా హాస్టల్ విలీనం అన్నా, పిల్లలు తక్కువున్నారు మూసేద్దాం అన్నా మనం నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆ మంచాలు ఎక్కడికి పోతున్నాయి? కలిపిన తర్వాత వార్డెన్ ఎవరు, ప్రిన్సిపాలు ఎవరు, ఆటల మాస్టారు ఎవరు? మన పేరు మీద వచ్చే నిధి ఏ ఖాతాలో పడుతుంది? పాత సంస్థ రికార్డులు, ఫోటోలు, గెలిచిన కప్పులు ఎవరి బీరువాలో ఉంటాయి? చివరి ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది. కానీ 1927 నాటి బ్లూఫీల్డ్ జట్టును నల్ల పత్రికలు రాసిపెట్టకపోతే, ఆ కాలేజీలో ఒకప్పుడు ఎవరు ఆడారో చెప్పుకునే ఆధారమే మనకు మిగిలేది కాదు. మీ ఊరి హాస్టల్ జట్టు గురించి ఎవరన్నా రాశారా? లేకపోతే ఆ పని విద్యార్థులు, టీచర్లు ఈ ఏడే మొదలుపెట్టాలని మా విన్నపం.